దొర బంగళా కమాను

బావా, పలమనేరు దొర బంగళా చుట్టూ కూలిన పాత ప్రహరీ అంతా తిరిగి లేపింది నేను. గేటు కమాను కట్టి, నడిమి రాయి పెట్టి, యజమాని చేత కొత్త పంచె కట్టించుకుంది నువ్వు. నువ్వు పోయి నేటికి ఏడాదైనా ఆ మంట చల్లారలేదు.

మొన్నటి వానకు నా గోడ పడింది. నిన్న బంగళా బాగుచేసేవాళ్లు వచ్చారు.

"కమాను కదల్లేదే తాతా! ఎవురు కట్టినారు? పేరు రాతిమీద చెక్కిస్తాం" అన్నారు.

ఆనాడు నువ్వు సున్నం నెల్లాళ్లు మాగబెడుతుంటే, "ఏం బావా, ఊరగాయ పెడతా ఉండావా?" అని నవ్వాను. నేను కలిపిన పూటే గోడకెక్కించాను.

నీ పేరు నోటిదాకా వచ్చింది. "శుక్రవారం చెప్తా పోండప్పా" అన్నాను.

గురువారం లోపల నువ్వే వచ్చి చెప్పుకో. రాకపోతే నా పేరే చెక్కిస్తా.