కిందికి దిగిన మేకు

పుంగనూరు, మంగళవారం

ఈ రోజు తమ్ముడు రెడ్డెప్ప నన్ను మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాడు. భుజం కీలు మార్చి ఆరు నెలలైనా చేయి చెవిదాకా కూడా లేవడం లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది.

"కీలు బాగానే కూర్చోనుండాది పెద్దాయనా. నీ వీపు గూనికి భుజం వెనక రెక్క ఎముక ముందుకు వాలిపోయింది. కీలు బిగించేది ఆ ఎముకకే గదా, అదీ ఆ వాలులోనే ఉంటాది. చేయి ఇంతకు మించి లేవదు. ఆపరేషన్‌కు ముందే మీ తమ్మునికి చెప్పినానే!"

వాడు తల వంచుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడే అన్నాడు: "చెప్పింటే నువ్వు చేయించుకుంటావా అన్నా? నొప్పికి తెల్లార్లూ కూర్చోనే ఉంటివే."

నొప్పి పోయింది, నిజమే. కానీ చేతులు తలపైకెత్తి చెక్కలు వాయించలేకుంటే చెక్కభజనలో నాకు చోటు లేదు. "శ్రీరామనవమికి నువ్వే ముందు నిలబడాలన్నా" అని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చెప్పింది వీడే.

ఇంటికొచ్చి కండువా తగిలించబోయి ఆగిపోయాను. నా చెక్కలు వేలాడే మేకు, ఆపరేషన్ అయి నేను వచ్చేసరికే మూరెడు కిందికి దిగి ఉంది. రెడ్డెప్ప సున్నం కొట్టిస్తూ మార్చాడనుకున్నాను.

నా చేయి ఎంతవరకు లేస్తుందో వాడు అప్పుడే కొలుచుకున్నాడు.