తెల్లటి సామలు

అరకు, మంగళవారం రాత్రి

నా తోటికోడలు చిలకమ్మకు షుగరు తగ్గింది. నాకు మళ్లీ పెరిగింది. ఇద్దరం ఒకే మాత్రలు వేసుకుంటున్నాం, ఒకే కొండపొలంలో పండిన సామలు వండుకుంటున్నాం. ఆసుపత్రి వరండాలో దాని నవ్వు చూడాలి! "నీకెంతొచ్చిందక్కా?" అని అందరూ వినేలా అడిగింది. నేను వినబడనట్టు కొంగు సర్దుకున్నాను.

నర్సమ్మ నన్నే నిలదీసింది. "సామలు ఏటి సేత్తన్నావు పిన్నీ?"

మరలో మల్లెపూవులా తెల్లగా పట్టిస్తానని గొప్పగా చెప్పాను.

"అయ్యో! షుగరుని బేగి ఎక్కనీకుండా ఆపే సరుకంతా ఆ తవుడులోనే ఉంటాది. సిలకమ్మ సూడు, తవుడు పోకుండా రోట్లో దంచుకుంటాది."

ఆ రోలు చూసి నేనెంత నవ్వానో! పిసినారిది, మరకు పోదు అనుకున్నాను. ఇప్పుడు దాని దగ్గరకే వెళ్లి రోకలి అడగాలంటే నోరు రావడం లేదు. మా ఆయనేమో అన్నం తింటున్నంతసేపూ దాని తెలివినే పొగిడాడు.

ఇన్నాళ్లూ నా తవుడంతా కోళ్లకే వేశాను. సాయంత్రం అవి పెరట్లో నిగనిగలాడుతూ తిరుగుతుంటే, చిలకమ్మ మీద కంటే వాటి మీదే ఎక్కువ కుళ్లొచ్చింది.