సొరపాదుకు పోసిన నీళ్ళు

కుందుర్పి,
చైత్రమాసం, 1952

ఆదెన్న బావకు,

హొస్పేట కాలువ పనిలో ఎండకి మాడతాండే నీకు, యాడున్నా చల్లగా ఉండాలని కోరుకుంటా నీ తిప్పమ్మ రాసేది.

ఈడ ఉగాదికే ఎండలు మండిపోతాండాయి. బారెడు పొద్దెక్కక ముందే వాకిట్లో బండ మీద కాలు పెట్టలేము. మొన్న మంగళవారం తూర్పున మబ్బు పట్టింది. ఊరంతా పని ఇడిసిపెట్టి బయటికొచ్చి చూసినాము. గాలొచ్చి దాన్ని మీ పక్కకి తోలుకోని పోయింది. నీకేమన్నా నాలుగు చినుకులు పడినాయా?

ఊరి బావిలో కడవ మునగదు. వంకలో చెలమ తవ్వుకోని, టెంకాయ చిప్పతో తోడుకుంటాండాము. ఒక్క కడవ నిండేసరికి నడుము పడిపోతుంది. అయినా ఇంటెనక దొడ్డి మాత్రం ఎండనీయలేదు బావా. బోకులు కడిగిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, ఒక్క చుక్క బయటికి పోనీను. సొరతీగ పందిరెక్కి నాలుగు పిందెలు ఏసింది. వంగ ఆకులకి పురుగు పడితే బూడిద చల్లినాను. పక్కింటి లక్ష్మక్క మేక దూరి బెండ మొక్కలన్నీ మొదలంటా మేసింది. అడగబోతే, "మేకకి తెలుస్తుందా తిప్పీ, ఊర్లో పచ్చగా ఉండేది నీ దొడ్డే కదా" అని నవ్వుతుంది. కంప తెచ్చి చుట్టూ పాతినాను. చేతులంతా గీరుకోని పోయినాయి.

అత్త బాగుండాది. పొద్దుగూకులూ నేను నీళ్ళు ఎట్ల పోస్తానో చూస్తా ఉంటుంది. ఆమె సంగతి నీకు తెలిసిందే.

వేళకి సంగటి తింటాండావా? ఎండలో తలకి తుండు చుట్టుకో.

నీ
తిప్పమ్మ

*

కుందుర్పి,
వైశాఖమాసం

బావకు,

నీ కార్డు అందింది. సొరకాయలు ఎంత లావు అయినాయని అడిగినావు. మోచేతి పొడుగు అయినాయి. రెండు కోసి పులుసు చేసినాను.

ఇంగ వేరే సంగతి రాస్తాను. ఇంతకుముందు రాసిన నాలుగు ఉత్తరాల్లో నీకు అబద్ధం రాసినాను. అత్త బాగలేదు. శివరాత్రి మరుదినం కుడిపక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, కాలూ చెయ్యీ కదలవు. ఎనకింట్లో, దొడ్డి వాకిలికి ఎదురుగా మంచం ఏసి పండబెట్టినాను. పొద్దుగూకులూ చూస్తా ఉంటుందని నేను రాసింది ఆ మంచం మీదనుంచి చూసేదాన్నే.

నీకెందుకు చెప్పలేదో అదీ చెప్తాను. పోయిన ఏడు ఇదే వైశాఖంలో నాకు ఎనిమిదో నెల. నువ్వు కళ్యాణదుర్గానికి చెనిక్కాయల మూటలు తోలుకోని పోయినావు. పొద్దున నుంచి వంకకాడికి మూడు తూర్లు పోయి వచ్చినాను. మూడో కడవ దించేసరికి కండ్లు తిరగతాండాయి. "అత్తా, ఒక చెంబెడు తాగుతాను" అంటిని. మా నాయనకి సొంత అక్క, నన్ను ఎత్తుకోని పెంచిన మనిషి, చెంబు నా చేతిలోనుంచి గుంజుకున్నాది. "ముందు తీగకి పొయ్యి, తర్వాత నువ్వు. పాదు ఎండిపోతే కూర యాడిది? మీ నాయన తెస్తాడా?" అన్నాది. పోసినాను. పోసి తిరిగేసరికి గడప రాయి మీద బోర్లా పడినాను. రెండు దినాలకి మగబిడ్డ పుట్టినాడు. ఒక్కసారి ఏడ్చినాడు, అంతే.

నువ్వొచ్చినాక అత్త నీకేం చెప్పింది? నేను బెల్లం దొంగతనంగా తినేకి అటక ఎక్కి పడినానని. నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. నెల దినాలు నా మొగం చూడలేదు. తర్వాత మూట కట్టుకోని కాలువ పనికి పోయినావు. "నేను అటక ఎక్కలేదు బావా" అని చెప్పేకి నాకు నోరు రాలేదు. తల్లి మాట ముందర నా మాట నిలబడుతుందా అని.

ఇప్పుడు నేనేం చేస్తాండానో విను. పొద్దున లేస్తానే చెంబు నిండా నీళ్ళు ముంచి, ఆమె మంచానికి మూరెడు దూరంలో గూట్లో పెడతాను. ఆమె చూస్తుంది. "నీ...ళ్ళు" అంటుంది. నేను కడవ ఎత్తుకోని దొడ్లోకి పోతాను. సొరకి పోస్తాను, వంగకి పోస్తాను, మిరపకి పోస్తాను. కలుపు తీస్తాను. ఎండుటాకులు ఏరతాను. మధ్యలో తిరిగి చూసి, "ముందు తీగకి, తర్వాత నీకు అత్తా" అంటాను. ఆమె పెదాలు బీటలు వారినాయి. పొద్దు నడినెత్తి మీదికొచ్చినాక పోయి తాగిపిస్తాను. ఒక్కో దినం అదీ సగమే.

దాంట్లో నాకు సుఖముండాది బావా. దాచేదేముంది. ఆమె నాలిక బయట పెట్టి గూటి పక్క చూస్తాంటే నా కడుపు చల్లగా అవుతుంది.

నిన్న లక్ష్మక్క చూసింది. "ఏమ్మే, నువ్వు ఆడదానివేనా? కుక్కకైనా పోస్తారు కదే" అని తిట్టి, తనే చెంబు అందించింది. ఆమె పోయినాక నేను ఆ గూట్లో చెంబు మల్ల నింపి పెట్టినాను, అందకుండా.

నువ్వు వచ్చి నీ తల్లిని చూసుకో. లేకపోతే నేను ఇట్లే చేస్తాను. ఆమె చచ్చేదాకా చేస్తాను.

తిప్పమ్మ

*

కొత్తచెరువు,
ఆషాఢమాసం

ఆదెన్నకు,

నీ జవాబు కార్డు కుందుర్పిలో ఉన్నప్పుడే అందింది. దాన్ని నాలుగు తూర్లు సదివినాను. ఆడ దుమ్ము జాస్తి అన్నావు. తుంగభద్ర నీళ్ళు తియ్యగా ఉంటాయన్నావు. వాన పడితే దొడ్లో గుమ్మడి గింజలు కూడా ఎయ్యమన్నావు. అమ్మని బాగా చూసుకో, పని ఇడిసి వచ్చేకి కుదరదు అన్నావు. కడాన, ఇంటి సంగతులు ఇట్లా రాయొద్దు, ఈడ నాకు సదివి పెట్టేది మేస్త్రి, నలుగురిలో నగుబాటు అన్నావు. బిడ్డ మాట ఒక్కటి లేదు.

అది నేను మంచం కాడ కూర్చోని గట్టిగా సదివినాను. "నీ కొడుక్కి నువ్వంటే ఎంత ప్రేమో చూడు అత్తా" అని ఎకసెక్కం చేసేకే సదివినాను. అత్త ఏడ్చింది. దప్పికకి కూడా అట్ల ఏడ్చలేదు. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకోని, "వానికి... తెలుసు" అన్నాది.

ఏం తెలుసు అంటే, కూడబలుక్కోని చెప్పింది. బిడ్డని మట్టి చేసిన మూడోనాడు ఆమెకి నిద్ర పట్టక, జరిగిందంతా నీతో చెప్పిందంట. నేనే చంపినాను రా అని నీ కాళ్ళ కాడ కూర్చున్నాదంట. నువ్వు ఏమన్నావు? "ఊరికే ఉండు. అటక మాటే నిలబెట్టు. నిజం తెలిస్తే అది పుట్టింటికి పోతుంది. పోతే చెలమ నుంచి నీళ్ళెవరు మోస్తారు, నువ్వా?" అన్నావంట.

నేను నమ్మలేదు. "అబద్ధాలు నీకు కొత్తనా" అంటిని. ఆమె తన బిడ్డ మీద, అంటే నీ మీద, ఒట్టు పెట్టింది. అప్పుడు నమ్మినాను.

లేచి గూట్లో చెంబు తీసి తాగిపించినాను. మూడు చెంబులు తాగింది. ఆమెని నేను క్షమించినానని అనుకోవద్దు. క్షమించలేదు. కానీ ఆమె చేసిన పాపం నోటితో ఒప్పుకున్నాది. నువ్వు ఏడాది పొడుగునా దాన్ని కడుపులో పెట్టుకోని, ఇంట్లో ఉన్న నెల దినాలు నా చేతి సంగటి తిని, దొంగను చూసినట్ల నన్ను చూసినావు.

నాయనకి కబురు చేసినాను. బండి కట్టుకోని రెండు దినాల దారి వచ్చినాడు. ఆమె ముందరే అంతా చెప్పినాను, నేను చేసింది కూడా. నాయన, "దీన్ని ఈడనే ఇడిసిపెట్టి పోదాం రామ్మా" అన్నాడు, సొంత అక్కని. నేనే ఒద్దన్నాను. "నీళ్ళకి నోరు తెరిచి పండుకున్న మనిషి ఎట్లుంటుందో నేను దినాము చూసినాను నాయనా. ఇంగ చూడలేను" అంటిని. ఇద్దరం పట్టి బండిలో పండబెట్టినాము.

కొత్తచెరువులో, ఆమె పుట్టిన ఇంట్లోనే, పద్దెనిమిది దినాలు బతికింది. నేనే కడిగినాను, నేనే తినిపించినాను. కడాటి రెండు దినాలు మాట లేదు. అంతకు ముందర ఒక పొద్దు నాయనని పిలిచి, "వాన్ని రానీయొద్దు. నాకు మట్టి నువ్వే ఎయ్యి తమ్ముడా" అన్నాది. నాయన ఎంతైనా కొడుకు కదా అని వెనకా ముందూ ఆడినాడు. నీకు తంతి కొట్టకుండా ఆపింది నేను.

మట్టి చేసి ఇరవై దినాలయింది. పదకొండో దినం కూడా ఊరికి అన్నం పెట్టి ముగించినాము. ఆ మధ్య నీ కార్డులు రెండు ఈడికి తిరిగొచ్చినాయి, అమ్మకి ఎట్లుందని, వాన పడిందా అని. జవాబు రాయాలనిపించలేదు.

ఇంటి తాళం లక్ష్మక్క దగ్గర ఉండాది. నా కోసరం ఈ గడప తొక్కొద్దు. నాయన గొడ్డలి పట్టుకోని కూర్చున్నాడు, నేను అడ్డం రాను. నీ తల్లి కోసరం ఏడ్చేది ఏమన్నా ఉంటే, ఆడనే ఆ మేస్త్రి ముందర ఏడ్చు.

ఓబుళేసు కూతురు
తిప్పమ్మ