అభ్యంతరం పెట్టింది నేనే

నవంబర్ 3
ఖమ్మం. రాష్ట్ర సెలెక్షన్స్, ఎనిమిది వందల మీటర్లు. నాకు రెండో స్థానం. మొదటిది మధులత, భద్రాచలం అమ్మాయి. చివరి మలుపులో ఆమె వీపు చిన్నదైపోతూ కనిపించింది. కొన్నేళ్ల కిందటి వరకూ ఆమె మగవాళ్ల రేసుల్లో పరిగెత్తేది. తర్వాత అమ్మాయిగా మారింది. మందులు వాడుతోంది. ఏదీ దాచలేదు. మనిషి మంచిది, వార్మప్‌లో నా మడమకు టేప్ వేసింది. కానీ మగపిల్లాడిగా పెరిగిన ఆ కాళ్లను, ఆ ఊపిరిని నేను ఏ ట్రైనింగ్‌తో అందుకోవాలి? నిర్వాహకులకు అభ్యంతరం రాసి ఇచ్చాను.

నవంబర్ 9
ఒప్పుకున్నారు. మగపిల్లాడిగా ఎదిగినవాళ్లు ఆడవాళ్ల రేసుల్లో ఉండకూడదని పెద్ద పోటీల్లో ఇప్పటికే రూలుందట. గోల్డ్ నాకు.
కోచ్ హరిలాల్ సార్ జిలేబీ పంచాడు. మగోన్ని ఓడగొట్టినవ్ బిడ్డా అన్నాడు. ఓడగొట్టలే సార్, ఓడిపోయిన గన్కనే రాసిన అన్నాను. నవ్వాడు. జిలేబీ నోట్లో జిగటగా తిరిగింది. బయటికొచ్చి ఉమ్మేశాను.

నవంబర్ 12
భద్రాచలం బస్టాండ్‌లో ఎవడో మధులత చున్నీ లాగి వీడియో తీశాడు. దాన్ని మా ఊరి గ్రూపులో పెట్టింది మా అన్న గోపాలు. పక్కన నా ఫోటో. తీసెయ్యమన్నాను.
"నీ కోసమే పెట్టిన చెల్లె. గిట్లనన్న బుద్ధొస్తది."
వాడు అన్నం తింటూనే ఉన్నాడు.

నవంబర్ 16
మణుగూరులో సన్మానం. ఒక లీడర్ నా భుజం నిమురుతూ, అసలైన ఆడపిల్ల అంటే గిట్లుంటది అని మైకులో అన్నాడు. చెయ్యి తియ్యలేదు. నేనే తీసేశాను. మైకు లాక్కున్నాను.
"అభ్యంతరం పెట్టింది నేనే. మళ్ల గూడ పెడ్త. అది రేసు గురించి. ఆమె చున్నీ గుంజుమని ఎవనికీ జెప్పలే. ఆ వీడియో పెట్టింది మా అన్న. గా మూడో వరసల కూసున్నడు."
మైకు కట్ చేశారు. శాలువా కుర్చీలోనే వదిలేసి వచ్చాను.

నవంబర్ 17
అన్న మాట్లాడటం లేదు. మంచిదే.

నవంబర్ 18
మధులతకు ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను. వీడియో గురించి సారీ చెప్పాను. అభ్యంతరం గురించి చెప్పలేదు. ఆ తేడా ఆమెకు అర్థమైంది.
"నువ్ రాసింది తప్పనను సుజనా. మరి నేనేడ ఉరకాలె? గది జెప్పు."
పొద్దున ప్రాక్టీసుకు భద్రాచలం వస్తానన్నాను.

నవంబర్ 19
గోదావరి కరకట్ట. ఆమె ముందు, నేను వెనక. అందుకోలేకపోయాను. ఆగి, వంగి, కక్కుకున్నాను. ఆమె వెనక్కి వచ్చి, మొహం మీద పడకుండా నా జుట్టు పట్టుకుంది.