బ్రేకు తీగ, కంపెనీ పుల్ల

నల్లపాడు,
ఆదివారం.

చి.ల.సౌ. వెంకటరావమ్మకు నీ భర్త చెంచయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, అమ్మాయి ఉదయశ్రీ, మన కార్ల షెడ్డూ బాగానే ఉన్నాం. అద్దంకిలో నువ్వూ, తుంటి విరిగిన మీ అక్కయ్యా కుదురుగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో నా మాటల కంటే నా దగ్గే ఎక్కువ వినపడుతోందన్నావు కాబట్టి కాగితం మీదికి దిగాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. గోంగూర జాడీలో అడుగు కనపడుతోంది. బీర పాదు పందిరెక్కింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారా అని మళ్ళీ అడిగావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. కూతురు కంపెనీ పుల్ల కొన్నదట, ఇక మీ బ్రేకు తీగకి సెలవేనా అని ఎగతాళి చేశావే, ముందు ఆ సంగతి.

ఉత్తరం మీ అక్కయ్యకి చదివి వినిపిస్తావు కాబట్టి విడమరిచి రాస్తాను. గేర్లు వాటంతటవే మారే కార్లున్నాయి కదా, వాటిలో కొన్నింటికి గేరుబాక్సు ఆయిలు చూసుకోవడానికి గొట్టమూ, మూతా ఇస్తారు గానీ ముంచి చూసే పుల్ల ఇవ్వరు. అది కంపెనీవాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇల్లు కట్టి, తాళంచెవి మేస్త్రీ ఉంచుకున్నట్టు. అలాంటి కారు మన షెడ్డుకి మొదటిసారి వచ్చింది పొగాకు వ్యాపారి ఒకాయనది. పాత ఆయిలంతా దింపి, కొత్తది కొలిచి పోసి, మొహిద్దీన్ బాషా గారి పాత సామాన్ల కొట్లో కొన్న సైకిలు బ్రేకు తీగ గొట్టంలోకి దించాను. ఆయిలు వేడెక్కి, ఇంజను తిరుగుతుండగా చూడాలి. తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ టంకం పెట్టి, ఆకురాయితో గంటు కొడుతుంటే అవతలి కొస నువ్వు పట్టుకున్నావు. మిరపకాయల కాలం. మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్ళింది, నువ్వు తుమ్మావు, గంటు వంకర పోయింది. అప్పటి నుంచి ఆ వంకర గంటే ఆ రకం కార్లన్నిటికీ ధర్మకాటా.

తుడవడానికి దూది తీస్తే నువ్వే ఆపావు. మంగళగిరి మగ్గాల ఇంటి పిల్లవి, పీచు సంగతి నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? "ఆ పీచు లోపలికి పోతే మీ గేర్లు నమిలి మింగుతాయా?" అని, ఉతికి ఉతికి పీచు వదిలేసిన నీ పాత చీర చింపి ఇచ్చావు. ఇప్పటికీ ఆ గుడ్డలతోనే తుడుస్తున్నాం. అంచు ముక్క మాత్రం వాడలేదు. ఎందుకో అడక్కు.

ఎక్కడున్నాను? కంపెనీ పుల్ల. ఇప్పుడు వాళ్ళు బయటి షెడ్లకీ అమ్ముతున్నారని ఉదయ తెప్పించింది. పొడవుగా, నాజూగ్గా ఉంటుంది, ఒళ్ళంతా అంకెలు. ఆ అంకెలు చీమ తలకాయలంత ఉన్నాయని నేను తిట్టని రోజు లేదు. నా తీగ గంటు బొటనవేలి గోటికి తగులుతుంది, కళ్ళు మూసుకుని చదవొచ్చు అని గొప్పలు పోయేవాణ్ణి.

మొన్న బుధవారం లెక్చరరు శ్యామ్ సుందర్ గారు కారు తెచ్చారు. మర్నాడు ముసలి తల్లినీ పిల్లల్నీ ఎక్కించుకుని శ్రీశైలం ఘాటు ఎక్కాలట. ఎత్తులో గేరు జారుతున్నట్టుందని ఆయన అనుమానం. నేను తీగ ముంచి తీసి, వేలితో తడిమి, ఆయిలు నిండుగా ఉంది, నిశ్చింతగా వెళ్ళిరండి అని చెప్పి టీకి పోయాను. తిరిగొచ్చేసరికి కారు లేదు. ఆయిలు డబ్బా ఒకటి ఖాళీగా పడుంది. ఉదయ చేతులు కడుక్కుంటోంది.

"ఎంత పోశావే?"

"లీటరు పట్టింది నాన్నా."

ఇంకేముంది, ఎగిరాను. ఆ కంపెనీ పుల్లని నమ్మి అక్కర్లేని ఆయిలు పోశావన్నాను. నా తీగ ఏనాడైనా తప్పు చెప్పిందా అన్నాను. అది నా అరుపంతా అయ్యేదాకా ఆగింది.

"రెండూ ముంచి చూశాను. రెండూ ఒకటే చెప్పాయి. నీ తీగ సరిగ్గానే ఉంది నాన్నా. నీకే కనపడటం లేదు."

ఇక్కడి నుంచి మీ అక్కయ్యకి చదవకు.

తీగ పైకి లాగేటప్పుడు గొట్టం గోడల ఆయిలు పైదాకా అంటుకుంటుంది. అసలు మట్టం దగ్గర ఎర్ర ఆయిలు సన్నని గీత కడుతుంది. అది కళ్ళకే తెలుస్తుంది, వేలికి అంతా తడే. ఈ పాఠం దానికి నేర్పింది నేనే. ఎన్నాళ్ళ నుంచి నా వెనకాల మళ్ళీ చూస్తున్నావే అంటే, వేసవి నుంచి అంది. నలుగురిలో ఒక్క మాట అనలేదు.

శ్యామ్ సుందర్ గారు శ్రీశైలం నుంచి ఫోను చేశారు. కారు ఎక్కడా ఇబ్బంది పెట్టలేదట, తల్లిగారు నాకు ఆశీస్సులు చెప్పమన్నారట. ఆ ఆశీస్సులు ఎవరికి చెందాలో నాకు తెలుసు. ఫోను ఉదయ చేతికిచ్చేశాను.

వెంకటరావమ్మా, రెండు కళ్ళకీ శుక్లాలు. నాకు తెలుస్తూనే ఉంది. కోసిన తర్వాత చూపు రాకపోతే షెడ్డులో నాకేం పని అని భయపడి, నువ్వు అడిగినప్పుడల్లా తప్పించుకున్నాను. నిన్న నేనే అమ్మాయిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. వచ్చే గురువారం కుడికన్ను చేస్తారు. ఆసుపత్రిలో పేర్లు రాసే అమ్మాయి తోడు ఎవరుంటారని అడిగితే, ఉదయ తన పేరు చెప్పబోయింది. ఆపి నీ పేరు చెప్పాను.

మీ అక్కయ్యని వాళ్ళ కోడలికి అప్పగించి బుధవారం బస్సెక్కు. బస్టాండుకి నేనే వస్తాను. బండి అమ్మాయి నడుపుతుంది.

ఇట్లు,
నీ మాట ఆలస్యంగా విన్న భర్త,
చెంచయ్య