ఆరో బెజ్జం

చిన్నదాని నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, అత్తయ్యా, చిన్నదీ క్షేమం. మీరూ క్షేమమేనని రాశారు. ఆ మాట సంగతి చివర్లో తేలుస్తాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగింది. చిన్నదానికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి, ఎలా వచ్చాయో నాకు అనుమానమే. అత్తయ్య మోకాలు అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది.

మీ తోటి పనివాడితో మీరు పంపిన కీ వాచీ బాగైంది. "పాతసామాన్ల కొట్లో కొన్నదానికి ఇంత మర్యాదా!" అని వాచీల తాత నవ్వాడు. అయినా చక్రాలన్నీ విప్పి పెట్రోల్లో కడిగాడు, గీతలు పడ్డ అద్దం మార్చాడు. పసుపు తేలిన ముఖం మాత్రం ముట్టుకోవద్దన్నాను. "పెట్టెలో పెడితే దీని బుద్ధి బయటపడదమ్మా. వారం రోజులు చేతికి పెట్టుకుని తిరుగు," అన్నాడు.

పెట్టుకున్నాను. మీరెప్పుడూ పెట్టుకునే మూడో బెజ్జంలో పెడితే గాజులా జారింది. బెల్టుకి మొదటినుంచీ ఉన్న ఐదు బెజ్జాలూ దాటాక, మేకుతో పొడిచిన ఆరోది ఒకటుంది. అందులో నా చేతికి అతికినట్టు సరిపోయింది. అక్కడ తోలు మీద బకిల్ ఒరుసుకున్న గుర్తూ ఉంది. అంటే నా అంత సన్నటి చెయ్యి ఎవరిదో దాన్ని రోజూ పెట్టుకుంది.

ఇక నా బుర్ర ఊరుకుంటుందా? "చొక్కాలు కాస్త బిగుతుగా కుట్టు, ఇప్పుడదే ఫ్యాషన్" అని రాశారు కదా. నలభై దాటాక ఫ్యాషన్ ఎవరికోసమండీ? మూడుసార్లు ఫొటో అడిగితే మూడుసార్లూ దాటేశారు. సెలవు దొరకలేదని ఏడాదిన్నరగా ఇంటిముఖం చూడలేదు. రెండు రెళ్ళు నాలుగని లెక్క కట్టేశాను. పన్నెండు రోజులు జాబు రాయనిది అందుకే. నాకు జ్వరమని అత్తయ్యకి చెప్పి, కుట్టుమిషన్ ముందు కూర్చుని ఏడ్చాను.

నిన్న ఉండబట్టలేక తాతనే అడిగేశాను, ఈ బెల్టు ఆడవాళ్ళెవరైనా పెట్టుకున్నారా అని. ఆయన భూతద్దం పెట్టి చూశాడు.

"వేరే చెయ్యయితే మూడో బెజ్జంనుంచి ఒక్కసారే చివరిదానికి దూకుతుంది తల్లీ. ఇక్కడ చూడు, నాలుగో దాని దగ్గర గుర్తుంది. ఐదో దాని దగ్గరా ఉంది. ఆ తర్వాతే ఈ మేకు బెజ్జం. ఒకటే చెయ్యి. చిక్కిపోతూ వచ్చింది."

టేపు తీసి, ఆరో బెజ్జంలో బిగించిన బెల్టు చుట్టూ కొలిచాను. మీ మణికట్టు ఏడంగుళాలని నాకు నోటికొచ్చు. ఆరు కూడా రాలేదు.

ఏమండీ, అనుమానించినందుకు క్షమించమని అడగను. మీరు అబద్ధమాడారు, నేను వేరే అబద్ధాన్ని పట్టుకున్నాను, అంతే. కానీ నిజం చెప్పనా? ఆ చెయ్యి ఎవరో ఆడదానిదే అయితే బాగుండును. జుట్టు పట్టుకుని పోట్లాడేదాన్ని. ఇప్పుడు ఎవరితో పోట్లాడను?

చొక్కాలు కుట్టలేదు. వాచీ పోస్టులో పంపను. నా చేతికే పెట్టుకుని గురువారం పొద్దుటి బండికి వస్తున్నాను, టేపు కూడా తెస్తున్నాను. ఈలోగా 'క్షేమం' అని ఇంకో ఉత్తరం రాశారో, చదవకుండా చింపేస్తాను. స్టేషనుకి రాగలిగితే రండి. రాలేకపోతే పడుకునే ఉండండి, తలుపు మాత్రం గడియ పెట్టకండి.

ఇట్లు,
మీ అనుమానప్పక్షి,
చిన్నదాని అమ్మ