కాలిన పెంక మీద చన్నీళ్లు

రేఖా,

కంటి ఆపరేషన్‌కు గద్వాల పోతున్న. రొట్టెలు కాల్చే బీడు పెంకకు జిడ్డు మందంగ పట్టింది, ఇయ్యాల తోము. బాత్రూం యాసిడ్ మాత్రం పోయకు, ఆ పొగకు ఊపిరాడదు. వేడినీళ్లల్ల బట్టల సోడా కలిపి గంటసేపు నానబెట్టు. చేతులకు కవర్లు తొడుక్కో. చెక్కముక్కతోని గీకి, దొడ్డుప్పేసి పీచుతోని రుద్ది కడుగు. సన్నమంట మీద తడి ఆరినంక జర నూనె పుయ్యి. కాలిన పెంక మీద చన్నీళ్లు పోస్తే టప్పున పగులుతది, పైలం.

అత్త

గడప దాటి మళ్ల వాపసొచ్చిన, మనసు నిలుస్తలేదు. మీ అమ్మ తెచ్చిన పెంక గట్ల పగలగొట్టింది నేనే. పగిలిందే తెచ్చిందని నలుగురి ముంగట అన్న. అప్పటిసంది ఆమె మనింటికి రాలె. నువ్వు ఫోన్‌ల చెప్పకు. కట్టు ఇప్పినంక నేనే పోయి, ఆమె మొకం చూసి చెప్త.